గుజ్జు కాగితం మీది భయానకం: హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్ జీవితం, రచన – ఒక పరిశీలన

తెలుగు విమర్శలో 'క్షుద్ర సాహిత్యం' అన్న మాట రెండర్థాలతో వాడుకలో ఉంది. చేతబడి, ప్రేతావేశం వంటి క్షుద్రశక్తులను వస్తువుగా గ్రహించిన నవలలకు అది వర్గనామం. ఆ నవలలు విలువ రీత్యానే క్షుద్రమైనవన్న తీర్పు రెండో అర్థం. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' వంటి నవలలను గురించిన చర్చలో ఈ రెండర్థాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. వస్తువును పేర్కొనగానే విలువ నిర్ణయమైపోయింది. విలువ నిర్ణయమైపోయిన రచన పాఠ చరిత్రను, అది వెలువడిన పత్రిక చరిత్రను, దానికి ముట్టిన పారితోషికాన్ని పరిశీలించవలసిన అవసరం ఎవరికీ కనిపించదు. ఇటువంటి తీర్పునే తన దేశంలో ఎదుర్కొని, మరణించిన 50 ఏళ్లకు శుద్ధప్రతి సంపాదించుకున్న అమెరికన్ పత్రికా రచయిత హోవర్డ్ ఫిలిప్స్ లవ్‌క్రాఫ్ట్ (1890–1937). ఆయన జీవితాన్ని, రచనను పత్రికావ్యవస్థ నేపథ్యంలో చూడడం, ఆయన భయానకంలోని స్థాయిని రసదృష్టితో నిర్ధారించడం ఈ వ్యాసోద్దేశం. ఆయన్ను గొప్పవాడిగా నిరూపించడం దీని పని కాదు. ఆయన కథల్లో కొన్నింటిని క్షుద్రమైనవనే ఈ వ్యాసం అంటుంది. అయితే ఆ మాటకు కారణం వస్తువు కాదు.

వంశం, ఇల్లు, పతనం

లవ్‌క్రాఫ్ట్ 1890 ఆగస్టు 20న రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ నగరంలో, మాతామహుడు విప్పుల్ వాన్ బ్యూరెన్ ఫిలిప్స్ ఇంట జన్మించాడు. తండ్రి విన్‌ఫీల్డ్ వెండి సామాను సంస్థ తరఫున ఊరూరా తిరిగే విక్రయ ప్రతినిధి. 1893లో షికాగోలో ఉండగా మతి చలించి బట్లర్ చికిత్సాలయంలో చేరాడు. అయిదేళ్ల తర్వాత అక్కడే మరణించాడు. తల్లి సూసన్ 1919లో అదే చికిత్సాలయంలో చేరి 1921లో మరణించింది. తాతగారు 1904లో పోవడంతో ఆస్తి కరిగిపోయి, పెద్ద ఇల్లు చేజారింది. 1908లో ఉన్నత పాఠశాల చదువు పూర్తికాకుండానే ఆగిపోయింది. ఆ తర్వాతి అయిదేళ్లు ఆయన దాదాపు బయటి ముఖం చూడలేదు.

ఈ వివరాలను ఆయన కథల్లోని వంశక్షయానికీ ఉన్మాదానికీ నేరుగా ముడిపెట్టడం జీవితచరిత్రకారులకు పరిపాటి. ఆ ముడిని ఈ వ్యాసం బిగించబోదు. తల్లిదండ్రులిద్దరూ మతిచలించి మరణించినవారు ఎందరో ఉంటారు. వారందరూ కథలు రాయలేదు. జీవితం నుంచి రచనలోకి నిశ్చయంగా ప్రవేశించింది వేరొకటి ఉంది. అది పోయిన ఇంటితోపాటు పోని దొరతనం. తాను పాత ఆంగ్లవంశానికి చెందిన పెద్దమనిషినని, పెద్దమనిషి సొమ్ముకోసం రాయడని ఆయన నమ్మాడు. ఈ నమ్మకం ఆయన వృత్తిజీవితాన్ని ఆసాంతం దెబ్బతీసింది.

1914లో ఆయన ఔత్సాహిక పత్రికా సంఘంలో చేరాడు. సొంత ఖర్చుతో చిన్న పత్రికలు అచ్చువేసుకొని పరస్పరం పంచుకునే రచయితల కూటమి అది. 'ది కన్సర్వేటివ్' పేరిట తానూ ఒక పత్రిక నడిపాడు. 1917లో రాసిన 'డేగన్' మొదట వెలువడింది ఇటువంటి పత్రికలోనే. డబ్బు ప్రసక్తి లేని ఆ వాతావరణం ఆయనకు సరిపడింది. తర్వాతి కాలంలో పత్రికలు ఆయన్ను తిరస్కరించినప్పుడల్లా ఈ ఔత్సాహిక ఆదర్శంలోకే ఆయన వెనుదిరిగాడు.

పల్ప్ పత్రిక – మాటకు రేటు

కొయ్యగుజ్జుతో చేసిన చవక కాగితం మీద అచ్చయ్యే కథల పత్రికలను అమెరికాలో 'పల్ప్' పత్రికలన్నారు. ఫ్రాంక్ మన్సీ 1896లో 'ఆర్గసీ'ని పూర్తిగా కథలకే కేటాయించి ఆ కాగితం మీద అచ్చువేయడంతో ఈ ఒరవడి మొదలైంది. ఆ కాగితంలో ఆమ్లగుణం ఎక్కువ. కొన్నేళ్లకే పసుపుబారి, ముట్టుకుంటే పెళుసుగా విరుగుతుంది. మన వారపత్రికల పాత సంచికలను గ్రంథాలయాల్లో తిరగేసిన పరిశోధకులకు ఈ లక్షణం వివరించనక్కరలేదు. చదివి పారేయడానికి చేసిన వస్తువది. అందులో రాసేవారికి పారితోషికం మాటల లెక్కన ముట్టేది. అందుకే నిడివి పెంచగలవాడికి లాభం, కుదించేవాడికి నష్టం.

జె. సి. హెన్నెబర్గర్ 1923 మార్చిలో స్థాపించిన 'వియర్డ్ టేల్స్' ఈ కోవలో అలౌకిక భయానక కథలకు ప్రత్యేకించిన పత్రిక. వెల 25 సెంట్లు. 1954 సెప్టెంబరు వరకు 279 సంచికలు వెలువడింది. మిత్రుల ఒత్తిడిపై లవ్‌క్రాఫ్ట్ దానికి అయిదు కథలు పంపాడు. వాటితోపాటు పంపిన లేఖ చిత్రమైనది. ఈ కథలు వేరొకచోట తిరస్కృతమయ్యాయని, అచ్చువేస్తే ఒక్క మాటా మార్చరాదని, మార్చదలిస్తే తిప్పి పంపమని అందులో ఉంది. సంపాదకుడు ఎడ్విన్ బేర్డ్ ఆ లేఖనే పత్రికలో అచ్చువేశాడు. కథలను మాత్రం వరుసకీ వరుసకీ మధ్య ఎడమిచ్చి మళ్లీ టైపు చేసి పంపమన్నాడు. టైపు చేయడమంటే లవ్‌క్రాఫ్ట్‌కు ప్రాణసంకటం. చివరికి ఒక్క 'డేగన్'నే టైపు చేసి పంపాడు. 1923 అక్టోబరు సంచికలో అది వచ్చింది.

ఈ స్వల్ప విషయాన్ని ఇంతగా చెప్పడానికి కారణముంది. రచయితకూ పత్రికకూ మధ్య సంబంధం ఇక్కడే స్థిరపడింది. పాఠంపై తన అధికారం మొత్తం కావాలి, పారితోషికమూ కావాలి, అడగడానికి మాత్రం అభిమానం అడ్డు. 1924లో సంపాదకత్వమే ఆయన ముంగిటికి వచ్చినా, షికాగో వెళ్లి ఉండడం ఇష్టంలేక వదులుకున్నాడు. ఆ పదవి ఫార్న్స్‌వర్త్ రైట్‌కు దక్కింది. తర్వాతి 12 ఏళ్లలో లవ్‌క్రాఫ్ట్ రచనలను అంగీకరించిందీ తిరస్కరించిందీ ఆ రైటే.

పారితోషికాల లెక్క పరిశీలిస్తే ఈ వ్యవస్థ స్వభావం బోధపడుతుంది. 1922లో 'హోమ్ బ్రూ' అనే పత్రిక 'హర్బర్ట్ వెస్ట్' ధారావాహికకు భాగానికి 5 డాలర్లిచ్చింది; ఆరు భాగాలు. ఇంద్రజాలికుడు హ్యారీ హుడీనీ పేరిట ఈజిప్టు కథ ఒకటి రాసిపెట్టినందుకు 100 డాలర్లు ముట్టాయి. 1929లో అచ్చయిన 'ది డన్‌విచ్ హారర్'కు 'వియర్డ్ టేల్స్' 240 డాలర్లిచ్చింది. ఆయన ఉత్తమ కథగా తానే భావించిన 'ది కలర్ అవుట్ ఆఫ్ స్పేస్' 1927 సెప్టెంబరులో 'అమేజింగ్ స్టోరీస్'లో వెలువడితే, ఆ పత్రికాధిపతి హ్యూగో గెర్న్స్‌బ్యాక్ ఇచ్చింది 25 డాలర్లు. అంటే మాటకు సెంటులో అయిదోవంతు. అదైనా ఎన్నో ఉత్తరాలు రాయగా వచ్చింది. లవ్‌క్రాఫ్ట్ ఆనాటి నుంచి గెర్న్స్‌బ్యాక్‌ను ఎలుక అని పిలిచేవాడు. నేడు వైజ్ఞానిక కల్పన రంగంలో ఏటా ఇచ్చే ప్రముఖ పురస్కారం ఆ ఎలుక పేరుమీదే ఉంది.

ఇటువంటి రాబడితో ఇల్లు గడవదు. అందుచేత ఇతరుల రచనలు దిద్దడం ఆయనకు ప్రధాన వృత్తి అయింది. దిద్దడమన్నది మర్యాదకు వాడిన మాట. జీలియా బిషప్ ఒకటి రెండు వాక్యాల్లో చెప్పిన ఊహను 'ది మౌండ్' అనే దీర్ఘకథగా ఆయన 1929–30లో రాసిపెట్టాడు. అది ఆమె పేరిట, అదీ కుదించిన రూపంలో, ఆయన మరణానంతరం 1940లో వెలువడింది. పేరు ఒకరిది, రాత ఒకరిది అయిన రచనలు మన వారపత్రికల చరిత్రకూ కొత్తవి కావు. కర్తృత్వ నిర్ణయమన్నది ప్రాచీన కావ్యాలకే పరిమితమైన సమస్య కాదని చెప్పడానికి ఈ ఉదాహరణ చాలు.

రెడ్ హుక్ కథ: భయమా, జుగుప్సా?

1924 మార్చి 3న న్యూయార్క్‌లో లవ్‌క్రాఫ్ట్ సోనియా గ్రీన్‌ను వివాహమాడాడు. హుడీనీ కథ టైపు ప్రతిని ప్రావిడెన్స్ రైల్వే స్టేషనులో పోగొట్టుకొని, పెళ్లినాటికి దాన్నే మళ్లీ టైపు చేయించే పనిలో ఆ దంపతులుండడం ఆయన జీవితంలోని కొద్దిపాటి హాస్యసన్నివేశాల్లో ఒకటి. సోనియా ఆయనకన్నా ఏడేళ్లు పెద్దది, ఉక్రెయిన్‌లో పుట్టిన యూదు స్త్రీ, టోపీల వ్యాపారంలో నిపుణురాలు. యూదులంటే ద్వేషాన్ని ఉత్తరాల్లో దాచుకోని మనిషి యూదు స్త్రీని పెళ్లాడడంలోని వైరుధ్యాన్ని ఆయన ఎన్నడూ వైరుధ్యంగా గుర్తించినట్లు కనబడదు. వ్యాపారం దెబ్బతిని సోనియా 1925 ఆరంభంలో ఉద్యోగానికి సిన్సినాటి వెళ్లింది. లవ్‌క్రాఫ్ట్ బ్రూక్లిన్‌లోని క్లింటన్ వీధిలో ఒంటరి గదిలో మిగిలాడు. ఉద్యోగం దొరకలేదు. ఆ మేలో గదిలో దొంగలు పడి ఆయన దుస్తులు ఎత్తుకుపోయారు. వలసజనంతో కిక్కిరిసిన వీధుల్లో నడుస్తున్నప్పుడు ఆయన ముఖం కోపంతో వివర్ణమయ్యేదని సోనియా తర్వాతి కాలంలో తన జ్ఞాపకాల్లో తెలిపింది.

ఆ ఆగస్టులో రాసినది 'ది హారర్ ఎట్ రెడ్ హుక్'. నౌకాశ్రయం పక్కనున్న పేట, అందులో పలుదేశాల నుంచి వచ్చిన కూలిజనం, వారి మధ్య రహస్యంగా సాగే పిశాచపూజ. కుర్దు జాతికి చెందిన యజీదీలను అందులో దయ్యపు ఆరాధకులుగా చిత్రించాడు.

ఈ కథపై జాతివివక్ష అన్న అభియోగం చాలాకాలంగా ఉంది, అది నిలుస్తుంది. కాని ఆ అభియోగం నైతికమైనదని, కథ శిల్పరీత్యా బాగుందని విడదీసి మాట్లాడేవారున్నారు. ఆ విభజన కుదరదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. దీనికి మన రసచర్చ అక్కరకు వస్తుంది. భయానకానికి స్థాయి భయం, బీభత్సానికి స్థాయి జుగుప్స. భరతుడు బీభత్సం నుంచి భయానకం పుడుతుందని చెప్పినా రెండింటినీ వేర్వేరు రసాలుగానే నిలిపాడు. భయంలో ఆలంబనం ఆశ్రయం కంటె బలమైనది. జుగుప్సలో ఆలంబనం ఆశ్రయం దృష్టిలో హీనమైనది. రెడ్ హుక్ కథలో రచయిత వాడిన విశేషణాలన్నీ కంపు, కుళ్లు, కిక్కిరిసిన గుంపు చుట్టూనే తిరుగుతాయి. వలసకూలీ ఆయన కంటికి అసహ్యమే తప్ప బలవంతుడు కాడు. అసహ్యించుకున్నదాన్ని చూసి భయపడమని పాఠకుణ్ణి కోరడంతో స్థాయి నిలవలేదు. ఆ లోటు పూడ్చడానికి ఏ పాత గ్రంథంలోనో ఏరుకొచ్చిన మంత్రాలు, భూగర్భపు నీటికాలువలు చేర్చవలసివచ్చింది. ద్వేషం ఇక్కడ నీతిదోషం మాత్రమే కాదు, రసదోషం కూడా. ఈ కథను క్షుద్రమనడానికి ఇంతకుమించిన ఆధారం అవసరం లేదు.

అయితే ద్వేషం ఒక్క కథలో ఆగలేదు. 1926 వేసవిలో రాసిన 'ది కాల్ ఆఫ్ కథుల్హు' ఆయనకు తర్వాతి కీర్తి తెచ్చిన కథ. సముద్రగర్భంలో నిద్రిస్తున్న ఒక మహాసత్త్వం కదిలినప్పుడు 1925 మార్చిలో ప్రపంచమంతటా వ్యాపించిన కలవరానికి నిదర్శనాలుగా కథకుడు పత్రికా కత్తిరింపులు పేరుస్తాడు. వాటిలో భారతదేశంలో స్థానికుల అలజడిని గురించిన ముక్క ఒకటుంది. కథలో అది అరవాక్యం. ఇంగ్లీషు విమర్శకులు దానిమీద ఆగరు. తెలుగు పాఠకుడు ఆగవలసివస్తుంది. అల్లూరి సీతారామరాజు మన్యంలో మరణించింది 1924 మే 7న. భారతదేశంలో అలజడి ఆ సంవత్సరాల్లో కల్పితం కాదు. దానికి పన్నులు, అటవీచట్టాలు, పరాయి ప్రభుత్వం వంటి కారణాలున్నాయి. ఆ కారణాలన్నిటినీ తుడిచేసి, వలసదేశపు తిరుగుబాటును ఒక రాక్షసుడి పీడకలకు లక్షణంగా, హైతీలోని పూజలతో, కాలిఫోర్నియాలోని దివ్యజ్ఞాన సమాజ శిబిరంతో ఒకే గాటన కట్టింది కథ. దివ్యజ్ఞానవాదుల లెమ్యూరియా ఊహలను లవ్‌క్రాఫ్ట్ స్కాట్-ఎలియట్ గ్రంథం నుంచి గ్రహించాడు. ఆ సమాజ ప్రధాన కేంద్రం మద్రాసు అడయారులో ఉందన్న సంగతి తెలుగు సాహిత్యచరిత్ర చదివినవారికి తెలిసినదే.

విస్మయం కలిసిన భయం

1926 ఏప్రిల్‌లో ప్రావిడెన్స్‌కు తిరిగివచ్చిన తర్వాత ఏడాది లోపల ఆయన రాసినంత మళ్లీ ఎన్నడూ రాయలేదు. వాటిలో 'ది కలర్ అవుట్ ఆఫ్ స్పేస్' మీద కొంచెం నిలవాలి. జలాశయం కింద మునిగిపోనున్న లోయలో కొలతలు తీయడానికి వచ్చిన ఉద్యోగి చెప్పే కథ ఇది. 1882లో ఆ లోయలోని నేహమ్ గార్డ్‌నర్ అనే రైతు బావి పక్కన ఉల్క పడింది. దానిలోంచి వెలువడింది జంతువు కాదు, దయ్యం కాదు, ఒక రంగు. మనిషి కంటికి తెలిసిన ఏ రంగూ కానిది. ఆ ఏడు పంట విరగకాసింది, కాని పళ్లు నోట పెట్టలేనంత చేదు. పశువులు బూడిదరంగుకు తిరిగి విరిగిపడ్డాయి. ఇల్లాలికి మతి తప్పింది. పిల్లలు ఒక్కొక్కరే పోయారు. ఊరు వదిలి పొమ్మంటే నేహమ్ పోలేదు. ముంపు గ్రామాల అనుభవమున్న ప్రాంతంలో ఈ కథకు మరో పొర చేరుతుంది. ఆ నీళ్లు తాగబోయే నగరాన్ని తలచుకొని కథకుడికి కలిగే జంకు ఇక్కడివారికి అపరిచితం కాదు.

నాట్యశాస్త్రం భయానకానికి చెప్పిన విభావాలు వికృతధ్వనులు, భూతదర్శనం, నక్కల గుడ్లగూబల కూతలు, శూన్యగృహాలు, అరణ్యాలు. 18వ శతాబ్దపు ఆంగ్ల భయానక నవలలూ దాదాపు ఈ సామగ్రితోనే నడిచాయి. లవ్‌క్రాఫ్ట్ ఈ సామగ్రిని ఎరుగును. ఈ రచనాసంప్రదాయంపై 1927లో అచ్చయిన ఆయన సుదీర్ఘ విమర్శవ్యాసం నేటికీ ప్రామాణికంగా చదువుతారు. ఎరిగి, మంచి కథల్లో దాన్ని పక్కనపెట్టాడు. ఆయన ఉద్దీపనాలు ఉల్కాశకలంపై ప్రయోగశాల నివేదిక, శిలల వయసు లెక్క, గ్రంథాలయంలోని పాత సంపుటం, పత్రికా కత్తిరింపు. ఆశ్రయం తరచుగా ఒక ఆచార్యుడో పరిశోధకుడో. ఆధారాలు ఒకటొకటిగా పేర్చి, చివరి ఆధారం దొరకకుంటే బాగుండునని కోరుకునే మనిషి. భయానికి విస్మయం తోడవుతుంది. ఈ మేళనంలో ఆలంబనం బలమైనదే కాక, ఆశ్రయాన్ని లెక్కచేయనిది కూడా. గార్డ్‌నర్ కుటుంబంపై ఆ రంగుకు పగ లేదు. పగ లేకపోవడమే అక్కడ భయహేతువు. మన భేతాళకథల్లోనైనా, చేతబడి నవలల్లోనైనా, క్షుద్రశక్తికి మనిషితో ఏదో ఒక ఒప్పందం, ఒక శత్రుత్వం ఉంటుంది. ప్రతిక్రియ తెలిసిన మంత్రవేత్త ఉంటాడు. ఇక్కడ ఆ ఇద్దరూ లేరు.

1931లో రాసిన రెండు రచనల్లో మరో మార్పు వచ్చింది. 'ఎట్ ది మౌంటెన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్'లో అంటార్కిటికా మంచులో లభించిన ప్రాచీన జీవులను మొదట చూసి జడిసిన భూవిజ్ఞాని, వారి గోడచిత్రాలు చదివిన మీదట వారూ తమవంటి శాస్త్రజ్ఞులే, మనుషులే అని గుర్తిస్తాడు. 'ది షాడో ఓవర్ ఇన్స్‌మత్'లో చేపముఖాల జనం నుంచి ప్రాణాలు దక్కించుకొని పారిపోయివచ్చిన కథకుడు, తన వంశవృక్షం వెదకి తానూ వారిలోనివాడే అని తెలుసుకుంటాడు. ఇక్కడ ఆశ్రయమూ ఆలంబనమూ ఒకటే. ఇన్స్‌మత్ కథను రక్తసాంకర్యభీతికి రూపకంగా చదివే విమర్శ ఉంది. దానికి పాఠంలో ఆధారాలున్నాయి. అయినా రెడ్ హుక్ నుంచి ఇక్కడికి వచ్చేసరికి వేలు చూపే దిశ మారింది. రచయిత మనసు మారిందని దీని అర్థం కాదు. చివరి ఏళ్లలో ఆయన ఆర్థికవిషయాల్లో రూజ్‌వెల్ట్ సంస్కరణలను సమర్థించేంత దూరం వచ్చాడు గాని, జాతివిషయంలో పాత నమ్మకాలను విడిచిపెట్టలేదు. కథ కర్తను దాటి నడిచింది. నిష్పక్షపాతంగా చదివితే రెండూ చెప్పవలసిందే.

తిరస్కారం, ఉత్తరాలు

'మౌంటెన్స్' దాదాపు 40,000 మాటల రచన. నిడివి ఎక్కువని, భాగాలుగా విడగొట్టడం కష్టమని రైట్ తిప్పి పంపాడు. లవ్‌క్రాఫ్ట్ దాన్ని మరొక పత్రికకు పంపలేదు. నాలుగేళ్లకు పైగా అది ఇంట్లో పడి ఉంది. 'కథుల్హు'నూ రైట్ మొదట తిరస్కరించి, యువమిత్రుడు డోనాల్డ్ వాండ్రీ చొరవ తీసుకొన్నాక మళ్లీ అడిగి 1928 ఫిబ్రవరిలో ప్రచురించాడు. రైట్‌ను దోషిగా నిలబెట్టడం సులువు. కాని పార్కిన్సన్ వ్యాధితో బాధపడుతూ, నిత్యం అప్పుల్లో ఉన్న పత్రికను 1940 వరకు నిలిపినవాడు కూడా ఆయనే. ఆ పత్రిక లేకుంటే ఈ రచయితే లేడు.

'మౌంటెన్స్' చివరికి 1936లో 'అస్టౌండింగ్ స్టోరీస్'లో మూడు భాగాలుగా వచ్చింది. దానికి 350 డాలర్లు పలికినా, పాఠం చెడిపోయింది. దీర్ఘమైన పేరాలను సంపాదకులు ముక్కలు చేశారు. చివరి భాగంలో వెయ్యి మాటల దాకా కోసేశారు. లవ్‌క్రాఫ్ట్ తన దగ్గరి సంచికలు తీసి, పోయిన మాటలను పెన్సిలుతో తిరిగి రాసుకున్నాడు. జీవితకాలంలో ఆయన పేరిట వెలువడిన ఒకే ఒక కథాగ్రంథం 'ఇన్స్‌మత్'. 1936లో ఒక చిన్న ప్రచురణకర్త 400 ప్రతులు అచ్చువేసి అందులో సగం మాత్రం బైండు చేయించగలిగాడు. అదీ అచ్చుతప్పులమయం.

ఆయన్ను బతికించినది పత్రిక ఒక్కటే కాదు, ఉత్తరాలు కూడా. వేల సంఖ్యలో, ఒక్కొక్కటి పదుల పుటలు నడిచే ఉత్తరాలు. కాలిఫోర్నియాలోని క్లార్క్ ఆష్టన్ స్మిత్, టెక్సస్‌లోని రాబర్ట్ ఇ. హోవర్డ్, విస్కాన్సిన్‌లోని ఆగస్ట్ డెర్లెత్, తర్వాత 'సైకో' రాసిన రాబర్ట్ బ్లాక్ అప్పటికి బడిపిల్లవాడు. వీరిలో చాలామందిని ఆయన ముఖాముఖి చూడనే లేదు. కథలు పోస్టులో తిరిగేవి. ఒకరు కల్పించిన దేవతను మరొకరు వాడుకునేవారు. లవ్‌క్రాఫ్ట్ కల్పించిన 'నెక్రొనామికాన్' అనే అరబ్బీ గ్రంథం వారి కథల్లోనూ కనిపించడంతో, అది నిజంగా ఉందనుకొని పాఠకులు వెదకడం మొదలుపెట్టారు. ఇన్ని చేతుల్లో పెరిగిన కథాప్రపంచానికి ఏకకర్తను నిర్ణయించబూనడం శతకపద్యాల ప్రక్షిప్తాలను ఏరడమంత కష్టం.

1937 మార్చి 15న, 46వ ఏట, చిన్నప్రేవు క్యాన్సర్‌తో ఆయన ప్రావిడెన్స్‌లో మరణించాడు. పెద్ద ప్రచురణసంస్థలు ముందుకు రానందున డెర్లెత్, వాండ్రీ సొంతంగా 'ఆర్కమ్ హౌస్' స్థాపించి, 1939లో 'ది అవుట్‌సైడర్ అండ్ అదర్స్' సంపుటం తెచ్చారు. 1268 ప్రతులు, వెల 5 డాలర్లు. 1945లో ఎడ్మండ్ విల్సన్ 'న్యూయార్కర్'లో ఈ రచనలను తీవ్రంగా తీసిపారేశాడు. ఆయన విసుక్కున్న అతివిశేషణశైలి నిజంగా ఉన్న దోషమే. అయితే విల్సన్ దృష్టిలో ఉన్నది కథల కంటె, అవి అచ్చయిన కాగితం. మన 'క్షుద్ర' పదప్రయోగంలో జరిగినదీ ఇదే.

పరిస్థితిని మార్చినవారిలో ముఖ్యుడు పుణెలో పుట్టి, బాల్యంలో అమెరికా చేరిన ఎస్. టి. జోషి. లవ్‌క్రాఫ్ట్ పత్రాలు బ్రౌన్ విశ్వవిద్యాలయంలో ఉన్నందునే ఆయన ఆ విశ్వవిద్యాలయాన్ని ఎంచుకున్నాడు. రాతప్రతులను, టైపుప్రతులను, పత్రికాపాఠాలను సరిపోల్చి 1984–86 మధ్య ఆయన పరిష్కరించిన సంపుటాలు వెలువడ్డాయి. 1996లో జీవితచరిత్ర వచ్చింది. 2005లో 'లైబ్రరీ ఆఫ్ అమెరికా' శ్రేణిలో లవ్‌క్రాఫ్ట్ చేరాడు. ఒక తాళపత్రకావ్యానికి పాఠపరిష్కర్త చేసే పనినే పారేయదగిన కాగితం మీది కథలకు చేసిచూపాడు జోషి. ఆ పద్ధతి మన వారపత్రికా నవలలకు వర్తించకపోవడానికి కారణం కనబడదు. ధారావాహికంగా వచ్చిన పాఠం, పుస్తకంగా వచ్చిన పాఠం పక్కపక్కన పెట్టి చూసిన అధ్యయనాలు మనకు మరిన్ని రావాలి.

ఈ పునరుద్ధరణకు ఎదురుపోకడ కూడా వచ్చింది. ప్రపంచ ఫాంటసీ పురస్కారంగా ఇస్తున్న లవ్‌క్రాఫ్ట్ శిరోప్రతిమను, నల్లజాతి రచయితల అభ్యంతరం మీదట, 2015లో ఉపసంహరించారు. నిరసనగా జోషి తనకు వచ్చిన పురస్కారాలు తిప్పి పంపాడు. ఇక్కడ జోషి పాఠపరిష్కర్త హోదాను దాటి వకీలుగా మారాడనిపిస్తుంది. రచయిత పాఠాన్ని రక్షించడం వేరు, ప్రతిమను రక్షించడం వేరు. మరుసటి ఏడాది విక్టర్ లవాల్ 'ది బాలడ్ ఆఫ్ బ్లాక్ టామ్' రాశాడు. అందులో రెడ్ హుక్ కథనే హార్లెమ్‌కు చెందిన నల్లజాతి యువకుడి వైపునుంచి తిరగరాశాడు. లవ్‌క్రాఫ్ట్ కథలో గుంపుగా మాత్రమే ఉన్నవారికి ఇందులో పేరుంది, తండ్రి ఉన్నాడు, పోలీసు తూటా ఉంది. భయం ఈసారి నిలబడింది, దాని ఆలంబనం నిజంగా బలమైనది గనుక.

పాఠచరిత్రలో ఒక ఘట్టం మిగిలింది. 'ది షాడో అవుట్ ఆఫ్ టైమ్' రాతప్రతిని లవ్‌క్రాఫ్ట్ పెన్సిలుతో రాసి, యువమిత్రుడు ఆర్. హెచ్. బార్లోకు ఇచ్చాడు. బార్లో దాన్ని టైపు చేయగా 1936 జూన్‌లో 'అస్టౌండింగ్'లో అచ్చయింది, ఎప్పటివలె పేరాలు విరిచిన రూపంలో. బార్లో ఆ తర్వాత మెక్సికో చేరి, నహువాటల్ భాషాపండితుడై, 1951 జనవరిలో ఆత్మహత్య చేసుకున్నాడు. రాతప్రతి కనబడలేదు. జోషి పరిష్కరణ కూడా అచ్చుపాఠం మీదే ఆధారపడవలసివచ్చింది. 1990ల మధ్యలో అది హవాయిలో బయటపడి, బ్రౌన్ విశ్వవిద్యాలయంలోని జాన్ హే గ్రంథాలయానికి చేరింది. 2001లో శుద్ధపాఠం వెలువడింది. ఆ కథలో ఒక ఆచార్యుడు ఆస్ట్రేలియా ఎడారి అడుగున, కోట్ల ఏళ్లనాటి గ్రంథాలయంలో దిగి ఒక పుస్తకం తెరుస్తాడు. అందులోని చేతిరాత తనదే.